డాలస్ పక్క కాలిన్ కౌంటీలో ‘జీరో డౌన్, యూఎస్‌డీఏ ఎలిజిబుల్’ ఇళ్ళు చూస్తున్నారా? సంతకం పెట్టే ముందు ఇది చదవండి

నిన్న సాయంత్రం తేలిపోయింది, కొత్త ఇంటికని బిల్డర్‌కి కట్టిన 5,000 డాలర్ల డిపాజిట్ ఇక రాదని. కిచెన్ అప్‌గ్రేడ్లకని ముందే కట్టించుకున్న 2,000 కూడా దానితో పాటే పోయాయి. నిద్ర పట్టక రాస్తున్నాను, ఎక్కడైనా వరుస తప్పితే సర్దుకుని చదువుకోండి.

ఇల్లు చూపించిన ఏజెంట్ ఎవరో డాలస్ తెలుగు గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎవరో ఒక జంట చేతిలో అట్టతో చేసిన పెద్ద తాళంచెవి పెట్టి ఫొటోలు వదులుతుంటాడే, ఆయనే. "ఫ్రిస్కో, మెకిన్నీ మనకెందుకన్నా, కౌంటీ తూర్పు వైపు వెళ్తే రూరల్ లోన్ వస్తుంది, పైసా డౌన్ పేమెంట్ లేదు" అన్నాడు. గ్రీన్ కార్డ్ ఈమధ్యే వచ్చింది, అద్దె పెరుగుతూనే ఉంది, వెనకేసింది పెద్దగా లేదు. వెళ్ళాం.

లోన్ అబద్ధం కాదు. అప్పు బ్యాంకు ఇస్తుంది, గ్యారంటీ అమెరికా వ్యవసాయ శాఖ (అదే యూఎస్‌డీఏ) ఇస్తుంది. 30 ఏళ్ళ ఫిక్స్‌డ్ వడ్డీ. గ్యారంటీ ఫీజని మొదట్లో 1 శాతం, ఆపైన ఏటా 0.35 శాతం ఉంటాయి, బోర్డు మీద అవి రాయరు. మెలికంతా ఇల్లు ఎక్కడుంది అన్న దగ్గరే. ఆ శాఖ వెబ్‌సైట్‌లో మ్యాపు ఉంటుంది, అడ్రస్ కొడితే ఆ ఇంటికి లోన్ వస్తుందో రాదో చెప్పేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. బిల్డర్ మోడల్ హోమ్‌లో కూర్చున్నాం. మా ఆవిడే అడిగింది, "ఈ ఇంటికి లోన్ వస్తుందని గ్యారంటీ ఏంటండీ?" అని. ఆయన నవ్వాడు. ల్యాప్‌టాప్ తెరిచి చకచకా అడ్రస్ కొట్టి స్క్రీన్ మావైపు తిప్పాడు. ఎలిజిబుల్ అని ఉంది. "చూశావా చెల్లెమ్మా, గవర్నమెంటే చెప్తోంది, నేను కాదు" అన్నాడు. ఇంకేముంది, సంతకాలు పెట్టేశాం.

ఆయన కొట్టిన అడ్రస్ మేం కూర్చున్న మోడల్ హోమ్‌ది! మా లాట్ ఫేజ్ 2లో, వెనక రోడ్డు అవతల ఉంది. ఆ వీధి ఇంకా మ్యాపుల్లోకి ఎక్కనే లేదు. లెండర్ లేఅవుట్ ప్లాన్ పక్కన పెట్టుకుని వెతికితే, ఎలిజిబుల్ గీత సరిగ్గా ఆ రోడ్డు దగ్గర ఆగిపోయింది. మా లాట్ రంగు పూసిన భాగంలో పడింది. (రంగు ఉన్నచోటే లోన్ వస్తుందని చాలామంది అనుకుంటున్నారు. కాదు, రంగు ఉంటే రాదు.)

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "స్క్రీన్ మీద అడ్రస్ ఉంది కదండీ సార్. చదువుకున్నవాళ్ళే కదా, చూసుకోవద్దా?" అప్పటిదాకా నోరారా అన్నా అన్న మనిషి. పైగా "నేనేమీ దాచలేదే" అట. నిజమే, కళ్ళెదుటే పెట్టాడు. కంపెనీలో పగలంతా ఊళ్ళోవాళ్ళ డేటా సరిచూసి జీతం తీసుకునే నాకు సొంత ఇంటి అడ్రస్ చదవడం రాలేదు, చప్పట్లు కొట్టండి. "పోనీ ఎఫ్‌హెచ్‌ఏకి (ప్రభుత్వ బీమా ఉన్న ఇంకో రకం లోన్) మారిపోండి, డౌన్ పేమెంట్ 3.5 శాతమే కదా" అని ఉచిత సలహా ఒకటి. 3,20,000 ఇంటికి అది 11,200 డాలర్లు. అంత డబ్బు చేతిలో ఉంటే నీ జీరో డౌన్ వెనక ఎందుకు పడతాను నాయనా!

డిపాజిట్ అడిగితే బిల్డర్ ఆఫీసువాళ్ళు కాంట్రాక్టులో తిరిగి ఇవ్వమని ఉన్న పేజీ తీసి చూపించారు, అంతే. పాత ఇల్లు కొనేటప్పుడు వాడే టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ (ఏజెంట్లకి లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) ఫారంలో యూఎస్‌డీఏ లోన్‌కి వేరే గడి ఉంటుంది, లోన్ కుదరకపోతే బయటపడే దారి అందులోనే రాసి ఉంటుంది. బిల్డర్లు మాత్రం సొంత కాంట్రాక్టు రాసుకుంటారు.

ఇంకోటి చెప్పాలి, ఇది మరీ దారుణం. "చెల్లెమ్మ జీతం లోన్‌లో చూపించకండి, లిమిట్‌లోకి వచ్చేస్తారు" అని కూడా ఈయన సలహానే. ఈ లోన్‌కి కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మీడియన్ ఆదాయంలో 115 శాతం దాటకూడదు. లోన్ మీద పేరు లేకపోయినా, ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళందరి సంపాదనా లెక్కలోకి వస్తుంది. లెండర్ చెప్పకపోతే ఫెడరల్ లోన్ కాగితాల మీద అబద్ధం రాసి ఇచ్చేవాళ్ళం. గ్రూపులో హెచ్-1బీ వాళ్ళక్కూడా ఇదే ఫ్లయర్ పంపుతున్నాడు, వాళ్ళకి ఈ లోన్ రానే రాదు. సిటిజన్ అయినా అయ్యుండాలి, గ్రీన్ కార్డ్ లాంటిదైనా ఉండాలి.

ఎవరో పంపిన పాత స్క్రీన్‌షాట్లు నమ్మకండి. ఈ కౌంటీలోనే ఉన్న ప్రిన్స్‌టన్ ఊరి జనాభా 2020లో 17,027, సెన్సస్ వాళ్ళ అంచనా ప్రకారం 2024 నాటికి 37,000 దాటింది. ఊళ్ళు ఇలా పెరుగుతుంటే మ్యాపు అలాగే ఎందుకుంటుంది? మీ లాట్ ఎక్కడుందో మీరే మ్యాపు మీద పెట్టి చూసుకోండి. బిల్డర్‌తో సంబంధం లేని లెండర్‌తో ఈమెయిల్‌లో రాయించుకోండి, డిపాజిట్ ఆ తర్వాతే. రియల్ ఎస్టేట్ కమిషన్‌లో ఏజెంట్ మీద కంప్లైంట్ పెడుతున్నాను. ఇలాగే మోసపోయినవాళ్ళు ఉంటే మెసేజ్ చేయండి. అదే కమ్యూనిటీలో ఫేజ్ 2 లాట్ చూస్తున్నవాళ్ళు మాత్రం ఈ వారం దేనిమీదా సంతకం పెట్టకండి.