పెద్ద మిక్స్‌డ్ యూజ్ ప్రాజెక్టు: ఒకే ప్లానా, ఫేజుల వారీనా?

హైదరాబాద్ శివార్లలో ముప్పై ఎకరాల్లో అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, మాల్ అంటే నిర్మిత వైశాల్యం 1,50,000 చదరపు మీటర్లు సులువుగా దాటుతుంది. మొత్తం ఒకే ప్లానుగా పెడితే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్‌లో పెద్ద టౌన్‌షిప్‌ల వర్గమైన 8(బి) కిందికి వస్తుంది, పర్యావరణ ప్రభావ నివేదిక ఇవ్వాలి. ఫేజులుగా విడగొడితే ఒక్కో ముక్క అంతకంటే చిన్న నిర్మాణాల వర్గమైన 8(ఎ)లోకి జారుతుంది, పరిశీలన పలచబడుతుంది. బహిరంగ విచారణ రెండింటిలోనూ ఉండదు, అది పెద్ద లోటే.

అసలు తేడా నీళ్ల దగ్గర తెలుస్తుంది. ఒకే ప్లానులో వాననీరు ఏ మూల నుంచి ఏ నాలాలోకి పోతుందో నేల ఎత్తుపల్లాలు చూపే ఒక్క కాంటూర్ షీటులో కనిపిస్తుంది. ఫేజుల్లో మొదటి ముక్క మట్టి పోసి ఎత్తు పెంచుకుంటుంది, ఆ నీరు పక్క కాలనీలోకి మళ్లుతుంది. 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, పది హెక్టార్లు లేదా ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు ఖాళీగా వదలాలి. కొలత సర్వే మ్యాపులో చూడండి, బ్రోచర్‌లో కాదు.

ట్రాఫిక్ లెక్కా అంతే: ఫేజుకొకటి వేస్తే ఏదీ ఎక్కువనిపించదు.

ఫేజులు తప్పనిసరైతే లోపలి రోడ్లు, మురుగుశుద్ధి ప్లాంటు మొదటి ఫేజులోనే పూర్తవ్వాలని షరతు రాయించాలి.