మల్లెలతీర్థమా, ఎత్తిపోతలా? అమ్మతో వెళ్లాలంటే ఏది మేలు?

మాది దేవరకొండ. ఒక పక్క డిండి దాటి పోతే నల్లమల, ఇంకో పక్క నాగార్జునసాగర్. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరేంత దూరంలో రెండు జలపాతాలున్నాయి. రెండింటికీ అమ్మను తీసుకెళ్లాను. ఆమెకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి. కాబట్టి నాకు జలపాతం అందం ఒక్కటే లెక్క కాదు. అమ్మ ఎంత దూరం నడవగలదు, నడిచాక సంతోషంగా ఉంటుందా అన్నదే అసలు లెక్క.

ఎత్తిపోతలకు వెళ్లడం తేలిక. సాగర్ నుంచి 11 కిలోమీటర్లు, మాచర్ల దారిలో, ఆంధ్ర వైపు ఉంటుంది. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల మీది నుంచి దూకుతుంది. బండి దిగి నాలుగడుగులు వేస్తే వ్యూ పాయింట్. టెన్షన్ లేదు, ఆయాసం లేదు. సాగర్‌లో గేట్లు ఎత్తిన రోజైతే అదీ చూసి రావచ్చు. కాకపోతే జలపాతాన్ని ఎదురుగా దూరం నుంచి చూడటమే. అక్కడ మొసళ్ల పెంపకం ఉంది, నీళ్లలో దిగే మాటే లేదు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని కాసేపు చూసి, "మంచిగుంది బిడ్డా, ఇగ పోదామా?" అంది. అప్పటికి మేం వచ్చి ఇరవై నిమిషాలు కూడా కాలేదు.

మల్లెలతీర్థం అలా కాదు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటాక వటవర్లపల్లి వస్తుంది. అక్కడి నుంచి అడవిలోకి సుమారు 8 కిలోమీటర్లు. బస్సు మెయిన్ రోడ్డు మీదే దింపేస్తుంది కాబట్టి సొంత బండి ఉంటేనే మేలు. బండి ఆపాక సుమారు 350 మెట్లు దిగాలి. దిగేటప్పుడు మోకాళ్లకు పరీక్ష, ఎక్కేటప్పుడు ఊపిరికి. చాలామంది ఎక్కడం గురించే భయపడతారు గానీ, అమ్మకు దిగడమే కష్టమైంది. ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చేతిలో కర్ర. ప్రతి మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, అప్పుడే తర్వాతి మెట్టు దిగింది. నేను తొందరపెట్టలేదు. మధ్యలో నాలుగైదు సార్లు కూర్చున్నాం. ఇంట్లో ఎప్పుడూ చెప్పని సంగతులు ఆ మెట్ల మీద చెప్పింది. పెళ్లైన కొత్తలో బావి నుంచి రెండు బిందెలు మోసుకొచ్చిన సంగతి నాకు అక్కడే తెలిసింది.

కింద నీళ్ల చప్పుడు, చెట్ల నీడ, శివలింగం. అమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుని, నీళ్లలో పాదాలు పెట్టి కూర్చుంది. సద్ది విప్పాం: జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ. గంటన్నర అయినా లేస్తానని అనలేదు.

నడవగలిగిన మనిషితో అయితే నేను మల్లెలతీర్థమే అంటాను, రెండో ఆలోచన లేదు. వానలు తగ్గాక, అక్టోబరు నుంచి చలికాలం దాకా వెళ్లండి. ఎండాకాలంలో ధార సన్నబడిపోతుంది. వాన ముదిరినప్పుడు బండలు పాచిపట్టి జారతాయి, ముసలివాళ్లను అప్పుడు అస్సలు తీసుకెళ్లొద్దు. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. ప్లాస్టిక్ సంచులు ఇంట్లోనే వదిలేయండి, దారిలో కోతులకు ఏమీ పెట్టకండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి రోడ్డు మీద చెక్‌పోస్టు గేటు మూసేస్తారు. కాబట్టి మూడింటికల్లా మెట్లెక్కడం మొదలుపెడితే నిదానంగా ఎక్కినా ఇబ్బంది ఉండదు. లోపల ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకుండా ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, మోకాలికి ఆపరేషన్ అయినవాళ్లు, చంకలో పసిపిల్లలున్నవాళ్లు మాత్రం ఎత్తిపోతలకే వెళ్లాలి. నాన్నకు పోయినేడు స్టెంట్ వేశారు. వచ్చే నెల ఆయన్ను సాగర్ తీసుకెళ్తున్నా. ఈసారి ఇరవై నిమిషాల్లో లేచి రాకుండా వ్యూ పాయింట్ దగ్గర పరుచుకోవడానికి అమ్మ ఇప్పటికే ఒక బొంత తీసి పెట్టింది.