హెడర్‌కు హీట్ ర్యాప్ చుట్టాలా, సిరామిక్ కోటింగ్ వేయించాలా?

పాత మారుతి ఎస్టీమ్‌కో, జిప్సీకో హెడర్, అంటే ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే విడి పైపుల సెట్టు, వేయించినవాళ్లు ముందు సౌండ్ చూసి మురిసిపోతారు. వేడి సంగతి తర్వాత తెలుస్తుంది. అదే చోట కంపెనీ ఇచ్చే పోత ఇనుము మానిఫోల్డ్ మందంగా ఉంటుంది, దాని మీద రేకు షీల్డ్ కూడా ఉంటుంది. హెడర్‌కు ఆ రెండూ లేవు. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందమున్న నాలుగు పొడవాటి పైపులు, అంతే. ఇంజన్ మీద బరువు పడితే లోపలి పొగ 800°C దాకా వెళ్తుంది. ఆ వేడి వైరింగ్ మీద, స్టార్టర్ మోటర్ మీద, రబ్బరు హోసుల మీద పడుతుంది. బ్యాటరీ మన తిరుపతి పక్క కరకంబాడిలో తయారైందే అయినా దానికీ మినహాయింపేమీ లేదు.

తిరుపతిలో ఈ గొడవ ఎక్కువ కావడానికి కారణం కొండ. అలిపిరి దాటాక పైకి సుమారు 16 కిలోమీటర్లు, కనీసం 28 నిమిషాలు పట్టాలన్న నిబంధన. అంటే సెకండ్, థర్డ్ గేర్లలో ఏసీ వేసుకుని, ఐదుగురితో, లగేజీతో గంటకు 35 కిలోమీటర్ల లోపు వేగంతో ఎక్కాలి. ఇంజన్ కష్టపడుతుంది, రేడియేటర్ ముందు మాత్రం గాలి ఉండదు. చెన్నై రోడ్డులో వందమీద పోయినప్పుడు బోనెట్ కింద ఇంత వేడి ఉండదు. పైన పార్కింగ్‌లో ఇంజన్ ఆపగానే గాలి పూర్తిగా ఆగిపోతుంది, హెడర్ వేడి నేరుగా పైకి కొడుతుంది. పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే స్టార్టర్ ‘టక్’మని ఊరుకోవడం, కార్బురేటర్ బండి అయితే పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజన్ అందుకోకపోవడం ఇక్కడ చూసేవే.

చాలామంది ముందు ఆలోచించేది ర్యాప్. రెండు అంగుళాల వెడల్పు పట్టీ, ఆన్‌లైన్‌లో రెండు వేల లోపే దొరుకుతుంది, మెకానిక్ అక్కర్లేకుండా మనమే చుట్టుకోవచ్చు. వేడిని ఆపే విషయంలో దీన్ని తక్కువ చేయలేం. చుట్టిన హెడర్ పక్కన చెయ్యి పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మామూలు ఫైబర్‌గ్లాస్ రకం సుమారు 650°C వరకు తట్టుకుంటుంది. లావా రాయి పొడితో చేసి ‘టైటానియం’ పేరుతో అమ్మే గోధుమ రంగు రకం 980°C దాకా నిలుస్తుంది. కొంటే రెండోదే కొనండి. బకెట్ నీళ్లలో నానబెట్టి, ఒక్కో చుట్టు మీద పావు అంగుళం రెండో చుట్టు పడేలా బిగించి లాగాలి, చివర స్టీల్ టైలు వేయాలి. చేతికి గ్లౌజులు, మూతికి మాస్కు తప్పనిసరి. లేదంటే ఆ సన్నని పోగులు రెండు రోజులు దురద పెడతాయి. మొదటిసారి స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, కాలిన వాసన వస్తాయి. బండి అంటుకుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు, కాసేపటికి తగ్గిపోతుంది.

ఇక దాని ఇబ్బంది. ర్యాప్ వేడిని మాయం చేయదు, పైపులోనే ఉంచుతుంది. మే నెలలో రగ్గు కప్పుకున్నవాడి ఒళ్లు ఎలా ఉంటుందో లోపలి లోహం పరిస్థితీ అదే. మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) పైపు 550°C దాటి ఎక్కువసేపు ఉంటే పైన పెచ్చులు లేస్తాయి, గోడ పలచబడుతుంది. 304 స్టెయిన్‌లెస్ కొంత మేలు గానీ, అదీ 425 నుంచి 860°C మధ్య ఎక్కువసేపు ఉంటే వెల్డింగుల చుట్టుపక్కల బలహీనపడి తుప్పుకు లొంగుతుంది. టైటానియం కలిసిన 321 రకానికి ఆ బాధ తక్కువ, ఖరీదు మాత్రం ఎక్కువ. చుట్టిన హెడర్‌కు వారంటీ ఇవ్వమని కొందరు తయారీదారులు రాసి మరీ చెప్పేది ఇందుకే.

దీనికి తోడు మన వానలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో వెస్ట్ చర్చి అండర్ బ్రిడ్జి కింద నీళ్లలో ఒకసారి దిగి వస్తే చాలు, ర్యాప్ ఆ నీటిని పట్టుకుని కూర్చుంటుంది. రోజూ నడిచే బండికి వేడికి ఆరిపోతుంది. ఆదివారం మాత్రమే తీసే బండికి లోపల తడి అలాగే ఉండి పైపును తినేస్తుంది. ఆయిల్ లీకున్న ఇంజన్‌కైతే ర్యాప్ వద్దే వద్దు. ట్యాపెట్ కవర్ గాస్కెట్ నుంచి కారిన చుక్కలు పట్టీలో ఇంకితే అది దీపం వత్తే.

సిరామిక్ కోటింగ్ అంటే ఊళ్లో డీటెయిలింగ్ షాపుల్లో బాడీ మీద మెరుపు కోసం వేసేది కాదు, దానికీ దీనికీ సంబంధం లేదు. హెడర్‌కు వేసే వాటిలోనూ రకాలున్నాయి. సెరాకోట్ సి సిరీస్ లాంటివి గన్‌తో కొట్టే పలచని పూతలు, మందం 25 మైక్రాన్ల దగ్గర. ఓవెన్ అవసరం లేకుండా ఐదు రోజుల్లో గాలికే గట్టిపడతాయి, అందులో కొన్ని రంగులు 980°C తట్టుకుంటాయి. తుప్పును బాగా ఆపుతాయి. అంత పలచని పొర వేడిని మాత్రం కొంతే ఆపుతుంది, ఇది ముందే తెలుసుకుని డబ్బు కట్టాలి. వెండిలా మెరిసే అల్యూమినియం-సిరామిక్ పూతను లోపలా బయటా వేస్తారు, అది సుమారు 700°C వరకు బాగుంటుంది. ఆపై రంగు మసకబారుతుంది. అన్నిటికంటే మీద ప్లాస్మాతో చల్లే జిర్కోనియా అనే సిరామిక్. మామూలు ఉక్కుతో పోలిస్తే జిర్కోనియా గుండా వేడి ఇరవయ్యో వంతు కూడా సాగదు. దాని ధరకు మన పాత ఎస్టీమ్ ఇంకొకటి వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఏ కోటింగైనా ముందు సాండ్ బ్లాస్టింగ్ (ఇసుక చిమ్మి పైపును శుభ్రం చేయడం) సరిగ్గా చేయకపోతే నిలవదు. మాట్లాడేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది బ్లాస్టింగ్ ఎవరు చేస్తారు, పైపు లోపల కూడా వేస్తారా అని. ఇంజన్ బోరింగ్ చేయించి కొత్తగా పెట్టినట్టయితే ట్యూనింగ్ కుదిరేదాకా పాత మానిఫోల్డ్‌తోనే నడపండి. పెట్రోలు-గాలి మిక్స్చర్ తేడాగా ఉన్న ఇంజన్ కొత్త పూతను మాడ్చేస్తుంది.

సైలెన్సర్లకు కొట్టే హీట్ ప్రూఫ్ సిల్వర్ పెయింట్ తుప్పుకే గానీ వేడిని ఆపడానికి పనికిరాదు. పౌడర్ కోటింగ్ అని ఎవరైనా అంటే వినకండి, అది అలాయ్ వీల్స్‌కు. హెడర్ మీద మొదటి కొండ ప్రయాణంలోనే కాలిపోతుంది.

నా మొగ్గు కోటింగ్ వైపే, దాంతోపాటు ఒక రేకు షీల్డ్. రోజూ నడిపే ఎం.ఎస్. హెడర్‌కు లోపలా బయటా పూత వేయించి, స్టార్టర్‌కూ వైరింగ్‌కూ ఎదురుగా ఒక అల్యూమినియం రేకును వేలెడు ఖాళీ వదిలి బిగిస్తే కొండ ప్రయాణానికి సరిపోతుంది. ఆ ఖాళీలో గాలి ఆడాలి, రేకు పైపును తగిలితే ప్రయోజనం లేదు. ర్యాప్ ఎవరికంటే, స్టెయిన్‌లెస్ హెడర్ ఉండి, ఏడాదికోసారి విప్పి చూసే ఓపిక ఉన్నవాళ్లకు. అదీ స్టార్టర్ పక్క నుంచి పోయే ఒక్క పైపుకే చుట్టినా చాలాసార్లు పని అయిపోతుంది. 2020 తర్వాత వచ్చిన బీఎస్6 పెట్రోలు కార్లలో చాలావాటికి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఇంజన్‌ను ఆనుకునే ఉంటుంది. అక్కడ చుట్టడాలూ పూయడాలూ పెట్టుకోకండి, సర్వీసులో ఎవరో తీసి పక్కన పడేసిన కంపెనీ షీల్డ్ తిరిగి బిగించారో లేదో చూసుకోండి.

ఇప్పటికే ఎం.ఎస్. హెడర్‌కు ర్యాప్ చుట్టేసినవాళ్లు సెప్టెంబరులో ఒకచోట, ముఖ్యంగా నాలుగు పైపులు కలిసే దగ్గర, పట్టీ విప్పి స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే మళ్లీ చుట్టుకోవచ్చు. మొద్దుగా మోగి పెచ్చులు రాలితే ఆ పైపు మీద ఇంకో పట్టీకి డబ్బు పెట్టకండి, కొత్తది చేయించి పూతకు పంపండి.