ఒంగోలులో క్లబ్ హౌస్ చూసి ఫ్లాటు కొనేవాళ్లకు హెచ్చరిక: ముందు సర్వే నంబరు చూడండి

ఒంగోలు ఊరి చివర ఒక గేటెడ్ కమ్యూనిటీలో కొన్నవాళ్లు ఇరుక్కుపోయారు. బ్రోచర్ నిండా క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్ బొమ్మలే. ఫ్లాటుకు రెండు లక్షల చొప్పున 'అమెనిటీస్ ఛార్జీలు' విడిగా వసూలు చేశారు. తాళాలు చేతికొచ్చాక, క్లబ్ హౌస్ ఫేజ్-2లో వస్తుందన్నారు. ఆ స్థలం సర్వే నంబరు వేరు. వీళ్ల దస్తావేజు షెడ్యూల్లో ఆ నంబరే లేదు. రెండు లక్షలకు ఉన్నది ఒక చేతిరాత రసీదు.

అసలు ఆ డబ్బు రెండుసార్లు కట్టినట్టే. 1,350 ఎస్‌ఎఫ్‌టీ అని అమ్మిన ఫ్లాటులో కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల వాడుకునే నేల) 1,000 అయితే, మిగతా 350లో బయటి గోడలు, బాల్కనీ, మెట్లు, కారిడార్‌తో పాటు చాలాచోట్ల క్లబ్ హౌస్ వాటా కూడా కలిపేస్తారు. అడుగు 4,500 చొప్పున ఆ 350కే 15,75,000 అవుతుంది. అందులో ఏమేం కలిపారో కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.

ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబరు కొట్టి, ఆమోదం పొందిన ప్లాను తీయండి. క్లబ్ హౌస్ ఆ ప్లానులో ఉందా, మీ సర్వే నంబరులోనే ఉందా చూడండి. దాని విస్తీర్ణం, పూర్తిచేసే తేదీ అగ్రిమెంటులోకి ఎక్కాలి. 2016 రెరా చట్టం ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ప్లాను మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇళ్ల స్థలాల లేఅవుట్లలో పార్కుకని వదిలిన ఖాళీ జాగా పంచాయతీకో మున్సిపాలిటీకో గిఫ్ట్ డీడ్ చేసిందై ఉంటుంది. అందులో క్లబ్ హౌస్ కడతామంటే నమ్మకండి.

ఇక స్విమ్మింగ్ పూల్. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతుకు 60,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. సాగర్ కాలువ నీళ్లు సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో నింపుకుని తాగే ఊరు మనది. ఉప్పు బోరు నీళ్లు పోస్తే ఫిల్టరుకు, పైపులకు తెల్లగా గార కట్టి పంపు పాడవుతుంది. 120 ఫ్లాట్లకని లెక్కవేసిన పూల్ నిర్వహణ ఖర్చు, నలభై కుటుంబాలే చేరినప్పుడు వాళ్ల నెత్తినే పడుతుంది. మా దృష్టిలో పెద్ద సంపు, ఇంకుడు గుంతలు, లిఫ్టుకూ బోరు మోటారుకూ కలిపిన జనరేటరు ఉన్న చోటే డబ్బుకు విలువ. జనరేటరు చూసొస్తే చాలదు. కరెంటు మెయిన్ ఆపించి, లిఫ్టు ఎక్కి, మోటారు వేయించి చూడండి.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు బ్రోచర్, వాట్సాప్ మెసేజీలు, బ్యాంకు స్టేట్‌మెంటు భద్రం చేసుకోండి. తప్పుడు ప్రకటన నమ్మి కొన్నవాళ్లు ప్రాజెక్టు నుంచి తప్పుకుంటే వడ్డీతో డబ్బు వెనక్కివ్వాలని ఆ చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. అందరూ కలిసి అసోసియేషన్ రిజిస్టర్ చేయించి, ఉమ్మడి స్థలాలు దాని పేర రాసివ్వమని లిఖితపూర్వకంగా అడగండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడంలో కాపురం ఉండొచ్చని ఇచ్చే అనుమతి) వచ్చాక అలా రాసివ్వడానికి బిల్డరుకు మూడు నెలలే గడువు.