ఎండెక్కితే గాని విప్పని పువ్వు, ఎనిమిదింటికే తీసుకెళ్ళిన వ్యాను

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి ఎన్7 రహదారి మీద వాన్‌రైన్స్‌డోర్ప్ వరకు, అక్కడి నుంచి కనుమ ఎక్కి న్యూవూట్‌విల్ వరకు ప్రయాణం సుఖంగా సాగింది. గదికి 950 రాండ్లు, పొయ్యిలోకి కట్టెల మోపుకు మరో 40 రాండ్లు. ఆ చలికి అది న్యాయమైన ధరే.

అన్యాయమల్లా మరునాటి వ్యానుదే. ఈ ఊరి పరిసరాల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని రోములియా సబ్యులోసా అనే ఎర్రని దుంపపువ్వును చూపిస్తామని మా ముగ్గురి దగ్గర 2,600 రాండ్లు ముందుగానే కట్టించుకున్న వారు, ఆగస్టు చలిలో ఉదయం ఎనిమిదింటికే మమ్మల్ని హంటమ్ జాతీయ వృక్షోద్యానంలో దింపారు. నేలంతా ముడుచుకున్న మొగ్గలే. ఎండ తగిలి గాలి వేడెక్కితే గాని ఆ పువ్వు రేకులు విప్పదన్న సంగతి, పూలు చూపించి బతికేవారికి తెలియదంటే నేను నమ్మను. పదిన్నరకు డ్రైవరు గడియారం చూపించి, ఇంకా ఉండాలంటే గంటకు 350 రాండ్లన్నాడు. గొడవ ఎందుకని మావారు పర్సు తీశారు. రసీదు రాసివ్వనిదే పైసా ఇవ్వవద్దని మా ఆడపడుచు పట్టుబట్టి, రాయించుకున్నాకే శాంతించింది.

పదకొండు దాటాక సూదుల్లాంటి ఆకుల మధ్య, జానెడు ఎత్తయినా లేని కాడల మీద, పట్టులా నిగనిగలాడే ఎర్రని గిన్నెలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. అడుగున నల్లని మచ్చలు; పుప్పొడి పూసుకుని అందులోనే దొర్లుతున్న నూగు పెంకుపురుగులు. అంతవరకు ముఖం ముడుచుకుని ఉన్న ఆడపడుచు నేల మీద బోర్లా పడుకుని ఫోటోలు తీసింది.

తొలకరికి మొలకెత్తే మన నేలల తీరుకు ఇక్కడంతా తలకిందులు: వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలమంతా మొక్క మట్టిలో దుంపగా దాగి ఉంటుంది. 2007లో ప్రభుత్వ సంస్థ కొనేంతవరకు ఈ తోట గ్లెన్‌లయన్ అనే గొర్రెల క్షేత్రం. మందలను మేపుతూనే పూలను బతికించిన ఆ రైతు కుటుంబానికే నా మెప్పంతా.

వెళ్ళేవారు కారు అద్దెకు తీసుకుని, ఉదయం ఊరి దగ్గరి జలపాతం చూసుకుని, పదకొండు నుంచి మూడు వరకు తోటలో ఉండాలి. మబ్బు పట్టిన రోజున టీ తాగుతూ బసలో కూర్చోవడమే నయం. అదనంగా తీసుకున్న 350 రాండ్లు తిరిగి ఇమ్మని రసీదు జతచేసి ఆ వ్యానువారికి రాస్తే, వచ్చే ఏడాది యాత్రకు పది శాతం తగ్గింపు ఇస్తామన్నారు.