రిబైరా దు కవాలు: కాలిబాటా, పడవా?
పోర్చుగల్‌లో లిస్బన్‌కు దక్షిణాన, సెజింబ్ర ఊరి పక్కన కొండల కింద దాక్కున్న చిన్న తీరం ఇది. కొట్టూ లేదు, లైఫ్‌గార్డూ లేడు.

నడిచి వెళ్తే పైసా ఖర్చు లేదు. దిగుడు నిటారుగా ఉంటుంది. గులకరాళ్లు కాలికింద జారుతుంటే, బూట్లు వదిలి చెప్పులేసుకొచ్చినందుకు మనల్ని మనమే తిట్టుకోవాలి. అసలు పరీక్ష ఎండలో తిరిగి ఎక్కేటప్పుడు. కానీ పొదల సందులోంచి ఒక్కసారిగా ఆకుపచ్చ నీళ్లు కనబడతాయి చూడండి, ఆ క్షణం పడవవాళ్లకు దక్కదు.

సెజింబ్ర రేవు నుంచి పడవైతే కాసేపటి పని. చంటిపిల్లలున్నా, మోకాళ్ల నొప్పులున్నా ఇదే మేలు. కాకపోతే సముద్రం దయ, పడవవాడి వేళ.

నేనైతే నడకే. తాగునీళ్లు మాత్రం ఎలా వెళ్లినా మోసుకెళ్లాల్సిందే. అన్నట్టు, ఆగస్టులోనూ నీళ్లు వణికిస్తాయి, అట్లాంటిక్ మరి!