ఇల్లు బాగుచేయించడం: లోన్ తీసుకుని ఒకేసారా, నెలనెలా కొంచెం కొంచెంగానా? ఏది మేలు?

పాత డాబా ఇల్లున్న మధ్యతరగతి కుటుంబాల్లో ఈ వాదన ఏదో ఒకరోజు వస్తుంది. వానాకాలంలో స్లాబు ఉరుస్తుంటుంది. బాత్రూమ్ టైల్స్ కదులుతుంటాయి. వంటగదిలో అరలు చాలవు. మిక్సీ, గీజర్ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతుంది. ఒకరేమో “లోన్ తీసుకుని అంతా ఒక్కసారే చేయించేద్దాం, పీడా పోతుంది” అంటారు. ఇంకొకరు “అప్పెందుకు, నెలకింత పక్కనపెట్టి ఒక్కొక్కటీ చేయించుకుందాం” అంటారు. మధ్యలో ఎవరో ఒకరు చీటీ మాట తెస్తారు.

ఎప్పటికైనా జీతం మీద ఆధారపడకుండా బతకాలని పొదుపు చేస్తున్న ఇంటికి ఈ ప్రశ్న ఇంకాస్త బరువైనది. అక్కడ ఇంటికి పెట్టే ప్రతి రూపాయీ ఆ లక్ష్యం నుంచి తీసిందే. అందుకే ముందు లెక్క వేసి చూద్దాం.

జీతం నెలకు 75 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు, మిగులు 30 వేలు అనుకుందాం. ఇంటి పనులన్నీ కలిపి మేస్త్రీ వేసిన అంచనా 5 లక్షలు.

కాగితం మీద తేడా

13 శాతం వడ్డీకి ఐదేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే ఈఎంఐ సుమారు 11,400 రూపాయలు. అరవై నెలల్లో కట్టేది దాదాపు 6 లక్షల 83 వేలు. ఇంటి మీద ఇప్పటికే హోమ్ లోన్ ఉండి, దాని మీద టాప్-అప్ (అదనపు లోన్) 9.5 శాతానికి దొరికిందనుకోండి. అదే ఐదేళ్లకు నెలకు 10,500, మొత్తం 6 లక్షల 30 వేలు.

ఇప్పుడు అదే 11,400ను అప్పు లేకుండా ప్రతి నెలా ఇంటి పనులకే కేటాయిస్తే? సిమెంటు, కూలి, టైల్స్ ఏటా 6 శాతం పెరుగుతాయనుకుందాం. పనులు నాలుగేళ్లలో సాగుతాయి కాబట్టి ఒక్కో పని సగటున రెండేళ్లు ఆలస్యమవుతుంది. 5 లక్షల పని 5 లక్షల 60 వేలవుతుంది. 49 నెలల్లో అంతా అయిపోతుంది. పర్సనల్ లోన్‌తో పోలిస్తే 11 నెలల ఈఎంఐ, అంటే లక్షా పాతిక వేలు మిగిలినట్టు. ఐదేళ్ల టాప్-అప్‌తో పోలిస్తే మిగిలేది 70 వేలే.

లోన్‌ను తిట్టేవాళ్లు ఈ 70 వేల అంకెను గమనించాలి. తక్కువ వడ్డీకి, తక్కువ కాలానికి తీసుకుంటే అప్పు మరీ అంత భారమేమీ కాదు. నాలుగేళ్లు దుమ్ములో, సగం సగం పనుల మధ్య బతకడం కన్నా 70 వేలు పోయినా ఫర్వాలేదనుకునే కుటుంబాన్ని నేను తప్పుపట్టలేను.

కానీ చాలామంది టాప్-అప్‌ను ఐదేళ్లకు తీసుకోరు. “పదిహేనేళ్లకు పెట్టుకోండి సార్, ఈఎంఐ 5,200కు వస్తుంది” అని బ్యాంకులో చెబుతారు. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. అలా చివరిదాకా కడితే 5 లక్షలకు 9 లక్షల 40 వేలవుతుంది. పైగా ఈ రోజు కొట్టించిన లప్పం, పెయింటు పదిహేనేళ్లు ఆగవు. వెలిసిపోయిన గోడకు ఇంకా ఈఎంఐ కడుతూనే ఉంటారు. టాప్-అప్ తీసుకోవాల్సి వస్తే కాలం ఐదేళ్లు దాటనివ్వకండి. కొత్త పన్ను విధానంలో ఉంటే, మీరే నివసించే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలో కూడా మరమ్మతుల లోన్ వడ్డీ మీద ఏటా 30 వేలకు మించి రాదు. కాబట్టి పన్ను కలిసొస్తుందన్న ఆశతో అప్పు చేయొద్దు.

లెక్కల్లో కనిపించని తేడా

చేతిలో 5 లక్షలు ఉన్నప్పుడు పని 5 లక్షల దగ్గర ఆగదు. నాకు ఇదే పెద్ద విషయంగా అనిపిస్తుంది. “ఎలాగూ పగలగొడుతున్నాం కదా, ఫాల్స్ సీలింగ్ కూడా వేయించేద్దాం” అన్న మాట లోన్ డబ్బు చూసే వస్తుంది. నెలనెలా చేసుకునే ఇంట్లో ప్రతి పనికీ ముందు కొన్ని నెలల ఆలోచన ఉంటుంది. అప్పటికల్లా కొన్ని కోరికలు వాటంతటవే పడిపోతాయి. మాడ్యులర్ కిచెన్ కావాలనుకున్నవాళ్లు గ్రానైట్ గట్టు సరిచేయించి, రెండు అరలు కొట్టించుకున్నాక ఇది చాలు అనుకోవడం మామూలే.

ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, నెలనెలా చేసేవాళ్లు పని ఆపేస్తారు. ఈఎంఐ ఆగదు. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉన్నవాళ్లు మాత్రమే లోన్ గురించి ఆలోచించాలని నేను గట్టిగా అంటాను. ఆ డబ్బును టైల్స్‌కు తీయడం అప్పు కన్నా ప్రమాదం.

కొంచెం కొంచెంగా చేయడంలో అసలు నష్టం ధరలు పెరగడం కాదు, వరస తప్పడం. ముందు రంగులు వేయించి, ఏడాది తర్వాత వైరింగ్ మార్చాలంటే ఆ గోడలే మళ్లీ కోయాలి. కొత్త టైల్స్ వేశాక లోపలి పైపు లీకైతే టైల్స్‌తో పాటు మేస్త్రీ కూలి కూడా రెండుసార్లు. అందుకే నెలనెలా చేసుకునేవాళ్లు మొదటి నెలలో రూపాయి కూడా ఖర్చుపెట్టకుండా కాగితం మీద మొత్తం ఇంటిని గీసుకోవాలి. డాబా, పైపులు, వైరింగ్, ఆ తర్వాతే ప్లాస్టరింగ్, టైల్స్, లప్పం, రంగులు, చివరికి చెక్క పని. ఎప్పటికో కొనబోయే ఏసీకైనా, ఇన్వర్టర్‌కైనా పాయింట్లు వైరింగ్ రోజే వేయించేయాలి. ఈ వరస పాటించలేమనుకుంటే ఒకేసారి చేయించుకోవడమే నయం.

మరి చీటీ?

చీటీని అప్పుగా వాడతారా, పొదుపుగా వాడతారా అన్నదే తేలాలి. యాభై మంది, నెలకు 10 వేలు, 5 లక్షల చీటీ అనుకుందాం. మొదటి నెలల్లోనే లక్షా పాతిక వేలు తగ్గించి పాడుకుంటే చేతికి వచ్చేది 3 లక్షల 75 వేలు. మిగతా నెలలన్నీ వాయిదాలు కట్టాలి, షూరిటీలు తేవాలి. 5 లక్షల పని మొదలుపెట్టి 3.75 లక్షల దగ్గర ఆగిపోయే ఇళ్లు ఇలాగే తయారవుతాయి. పాడకుండా చివరిదాకా ఉంటే డివిడెండు వస్తుంది. పైన చెప్పిన పాటలో ఫోర్‌మన్ (చీటీ నడిపేవాడు) కమిషన్ 5 శాతం పోగా ఆ నెల వాయిదాలో తలా 2 వేలు తగ్గుతుంది. ఈ కమిషన్ 2019 సవరణ తర్వాత 7 శాతం వరకు ఉండొచ్చు. చేతిలో డబ్బు నిలవనివాళ్లకు ఇది మంచి క్రమశిక్షణే, అయితే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీ అయితేనే. ఎంత దగ్గరివాళ్లు నడిపినా రిజిస్టర్ కాని చీటీలో ఇంటి డబ్బు పెట్టొద్దు.

ఆగనివి, ఆగగలిగేవి

నా అభిప్రాయం నెలనెలా చేసుకోవడం వైపే. కానీ నీళ్లు, కరెంటు ఈ రెండూ అందులోకి రావు.

స్లాబు పగుళ్లలోంచి నీరు దిగితే లోపలి ఇనుము తుప్పుపడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. పైకప్పు పెచ్చులు ఊడిపడటం అలా మొదలవుతుంది. పెచ్చులు ఊడాక కొత్త పగుళ్లు, ఇంకా ఎక్కువ నీరు. ఏడాది ఆగితే ఇక్కడ పెరిగేది 6 శాతం కాదు, పని స్వరూపమే మారిపోతుంది. చేతిలో డబ్బు లేకపోతే దీనికి చిన్న అప్పు చేయండి. ఏడాదిలో తీర్చేయగలిగినంత బంగారం మీద లోన్ అయినా సరే. మృగశిర కార్తె లోపే, డాబా బాగా ఎండి ఉన్నప్పుడు చేయించండి. నీళ్లు నిలవకుండా వాటం సరిచేశారా, పగుళ్లు పూడ్చాకే కోటింగ్ వేశారా దగ్గరుండి చూసుకోండి. చివర్లో ఒక రోజంతా నీళ్లు కట్టి కింద చెమ్మ రాలేదని చూశాకే పూర్తి డబ్బు ఇవ్వండి. పైన తెల్లటి కోటింగ్ వేయిస్తే ఎండాకాలంలో గది వేడి కూడా తగ్గుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే.

పాత వైరింగ్, ఎర్తింగ్ లేకపోవడం కూడా అలాంటివే. అవి ప్రాణాలకు సంబంధించినవి.

మిగతా పనుల్లో ఏది ముందు అన్నదానికి నేను ఒకే ప్రశ్న వేస్తాను: ఇది చేయిస్తే నెల ఖర్చు తగ్గుతుందా, పెరుగుతుందా? జీతం లేకుండా బతకడానికి ఏడాది ఖర్చుకు 25 రెట్లు కావాలన్న లెక్క అమెరికా మార్కెట్ల నుంచి వచ్చింది. మన దగ్గర ధరలు పెరిగే తీరు చూసి నేను 30 రెట్లు వేసుకుంటాను. అంటే నెల ఖర్చు శాశ్వతంగా వెయ్యి తగ్గితే కూడబెట్టాల్సింది 3 లక్షల 60 వేలు తగ్గుతుంది. వెయ్యి పెరిగితే అంతే పెరుగుతుంది.

ఈ కళ్లతో చూస్తే క్రమం మారిపోతుంది. 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే, రోజుకు పన్నెండు గంటల వాడకానికి నెలకు 65 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 6 రూపాయలనుకున్నా 390 రూపాయలు. 12 వేల ఖర్చు రెండున్నరేళ్లలో తిరిగొస్తుంది, లక్ష్యంలో లక్షా 40 వేలు తగ్గుతుంది. అదే 12 వేలు సోఫా కవర్లకు, గోడ డిజైన్లకు పెడితే ఇల్లు బాగుంటుంది, అంతే.

సోలార్ అప్పు చేసి అయినా ముందు పెట్టించుకోదగ్గది. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ వస్తుంది, బ్యాంకులు మామూలు పర్సనల్ లోన్ కన్నా చాలా తక్కువ వడ్డీకి ఇస్తాయి. నెలకు 300 యూనిట్లకు పైగా వస్తుంది కాబట్టి బిల్లు 2 వేలు దాటే ఇంట్లో తగ్గిన బిల్లుతోనే ఈఎంఐ చాలావరకు తీరిపోతుంది. అయితే డాబా వాటర్‌ప్రూఫింగ్ అయ్యాకే. స్టాండ్లు బిగించాక కింద స్లాబు ఉరిస్తే అన్నీ విప్పాలి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు తెచ్చుకుంటున్నవాళ్లకు మాత్రం ఇందులో లాభం లేదు.

ఫాల్స్ సీలింగ్, రెండో ఏసీ, హాల్లో కొత్త చెక్క పని లాంటివన్నీ చేతిలో డబ్బుతోనే, వరసలో చివర. వీటికోసం అప్పు చేయడం నాకు ఏ కోణంలోనూ సరిగా అనిపించదు.

ఒక్క పని మాత్రం ఏ లెక్కకూ అందదు. అమ్మానాన్నలు మీతో ఉంటే బాత్రూమ్‌లో జారని టైల్స్, పట్టుకోవడానికి గోడకు హ్యాండిళ్లు, ఇండియన్ సీటు ఉంటే దాని బదులు కమోడ్, రాత్రి దారిలో ఒక చిన్న లైటు వెంటనే పెట్టించండి. హ్యాండిళ్లకు, లైటుకు కొన్ని వేలకు మించి కావు. దీనికి వచ్చే నెల జీతం కోసం కూడా ఆగొద్దు.